పంతులమ్మ ఊరుకునే పాఠం

సిల్వాష్ బడిలో పంతులమ్మ కెలెమెన్ ఎమెషె కూర్చునే చోటు వెనక బెంచీ. కట్టెల పొయ్యి పక్కన, కిటికీ కింద. ముందున్న టీచరు కుర్చీలో పిల్లలెవరో ఒకరు కూర్చుని ఆ పూటకు గుమాస్తానో, డాక్టరో, రైలు టికెట్లమ్మే మనిషో అవుతారు. కొత్తగా వచ్చిన లెక్కల మాస్టారు ఒకసారి తలుపు తోసి చూసి, క్లాసులో పెద్దవాళ్ళెవరూ లేరనుకుని కేకలెయ్యబోయాడు. వెనక నుంచి ఎమెషె చెయ్యెత్తింది.

"నేనున్నానండీ. వరసలో ఉన్నాను. నా ముందు ఇంకా కొందరున్నారు," అంది.

ఆ కొండ ఊళ్ళ మనుషుల తీరే అంత. మాట తక్కువ, మెలిక ఎక్కువ. అందులోనూ ఎమెషెకు మొండిదని పేరు. తండ్రి రంపపు మిల్లులో దుంగలు దొర్లించేవాడు. మా పిల్ల దుంగకంటే గట్టిది, దుంగైతే తోస్తే దొర్లుతుంది అని మిల్లులో అందరికీ చెప్పుకునేవాడు. అది తిట్టో పొగడ్తో ఆయనకే తెలియాలి.

సిల్వాష్ ఉన్నది రొమేనియాలో. ఊళ్ళో మాట్లాడేది మాత్రం హంగేరియన్. ఇంట్లో, చర్చిలో, కల్లంలో, పోట్లాటలో అంతా అదే. రొమేనియన్ అంటే బడిలో ఉండే భాష, ప్రభుత్వ కాగితాల భాష, ఎలుగుబంటి తిరుగుతోంది జాగ్రత్త అని ఫోన్లలో ఉన్నట్టుండి మోగే హెచ్చరికల భాష. పిల్లలు దాన్ని ఏళ్ళ తరబడి చదువుతారు. చదివి, కవిత్వం మీద వ్యాఖ్యానాలు పేజీలకు పేజీలు అప్పజెబుతారు. అప్పజెప్పిన నోటితోనే పట్నంలో బ్రెడ్డు అడగలేక వేలుతో చూపిస్తారు.

ఎమెషె కూడా అలా చదివినదే. రొమేనియన్ చెప్పే డేనెష్ మాస్టారి దగ్గర ఎప్పుడూ పదికి పదే. ఒక కవి విషాదం గురించి ఆగకుండా చెప్పగలిగేది. బడి అయ్యాక దూరాన డాన్యూబ్ ఒడ్డున టమాటాలు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో పనికి చేరింది. మొదటి రోజే తెలిసింది, తనకు విషాదం గురించి చెప్పడం వచ్చుగానీ మరుగుదొడ్డి ఎక్కడో అడగడం రాదని. మధ్యాహ్నం దాకా కాళ్ళు మెలేసుకుని బెల్టు దగ్గర నిలబడింది. పక్కన పనిచేసే సఫ్తా అనే పెద్దామె మొహం చూసి పోల్చుకుని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది.

తర్వాత సఫ్తాయే ఆమెకు భాష నేర్పింది. నేర్పింది అనడానికి ఆవిడ చేసింది పెద్దగా ఏమీ లేదు. ఏదో ఒకటి అడిగేది, అడిగి ఊరుకునేది. ఎమెషె మాట కోసం తడుముకుంటుంటే అందించేది కాదు, నవ్వేది కాదు. టమాటాలు ఏరుకుంటూ, వెయ్యేళ్ళయినా ఇక్కడే ఉంటానన్నట్టు ఎదురుచూసేది. మాట వంకరగా వచ్చినా సరే, దానికి జవాబు చెప్పేది. జవాబులో ఆ మాట సరైన రూపంలో ఉండేది. ఎత్తిచూపేది కాదు. ఏరుకోవాల్సింది ఎమెషే.

ఆ ఫ్యాక్టరీలో ఉండగానే పోస్టులో డిగ్రీ చదివి, పరీక్షలు రాసి, రొమేనియన్ టీచరుగా తన ఊరి బడికే తిరిగొచ్చింది. అప్పటికి డేనెష్ మాస్టారు హెడ్మాస్టరయ్యాడు. శిష్యురాలు వచ్చిందని పొంగిపోయి తన పాత నోట్సులన్నీ ఇచ్చాడు. ఎమెషె వాటిని కళ్ళకద్దుకుని తీసుకుని, అటక మీద పెట్టింది.

ఆమె పద్ధతి వేరు. ప్రతి శుక్రవారం చివర్లో పిల్లలను ఒకటే అడిగేది, ఈ వారం రొమేనియన్‌లో మీ నోరు ఎక్కడ పడిపోయింది అని. ఒకడు బస్సులో అనేవాడు. ఒకతె పళ్ళ డాక్టరు దగ్గర, నోరు తెరిచే ఉంది గానీ మాట రాలేదు అనేది. ఎవరికీ పడిపోకపోతే, మీరు ఊరు దాటి వెళ్ళలేదన్నమాట, వెళ్ళండి అని కసిరేది. ఆదివారం చర్చి నుంచి వచ్చి, వంటింటి బల్ల మీద ఉల్లిపాయ పొట్టు పక్కకు తోసి, ఆ పడిపోయిన చోట్ల నుంచి వచ్చే వారానికి పాఠాలు అల్లేది. ముందు పాఠం చివర రాసుకునేది: గంట కొట్టేసరికి పిల్లవాడు ఏం అనగలగాలి? అక్కడి నుంచి వెనక్కి నడిచేది. అది అనాలంటే దానికి ముందు ఏం వినాలి, ఎవరితో తగువు పడాలి, దేనికి నవ్వాలి? అలా వెనక్కి వెనక్కి వచ్చి మొదటి నిమిషం దగ్గర ఆగేది.

ఇదంతా సర్కారు ఇచ్చిన ప్రణాళిక కాగితంలో పట్టదు. దాంట్లో రెండు గడులుంటాయి. ఒకటి టీచరు చేసేది, ఒకటి విద్యార్థి చేసేది. అందరి కాగితాల్లోనూ మొదటి గడి కిక్కిరిసి ఉంటుంది: వివరించును, ప్రశ్నించును, సరిదిద్దును. రెండో గడిలో వినును, రాసుకొనును. ఎమెషె కాగితంలో పిల్లల గడి అంచులు దాటి పోయేది. తన గడిలో ఒక్క మాటే రాసేది: ఊరుకుంటాను.

పిల్లలకు ఆమె అంటే ప్రాణం. ఆ ఊళ్ళో పంతులమ్మలను పిల్లలు 'అత్తా' అనే పిలుస్తారు. మిగతా అత్తల క్లాసులో నిద్రొస్తుంది, ఎమెషె అత్త క్లాసులో చెమట పడుతుంది అనేవారు.

అసలు గొడవ ఎనిమిదో తరగతి దగ్గర వచ్చింది. ఎనిమిది చివర జూన్‌లో ప్రభుత్వ పరీక్ష. దాంట్లో మార్కులు తగ్గితే, పిల్లలు తక్కువగా ఉన్న సిల్వాష్ బడిలో పై తరగతులు ఎత్తేసి పట్నం బడిలో కలిపేస్తారని డేనెష్ మాస్టారికి ఏళ్ళుగా దిగులు. ఆ దిగులు ఉత్తదేమీ కాదు. పక్క ఊరి బడికి అలాగే తాళం పడింది. అందుకే ఆయన వ్యాఖ్యానాలు కంఠతా పట్టించాలంటాడు. ఎమెషె వినదు.

ఆ ఏడే ఎమెషెకు మొదటి గ్రేడు తనిఖీ వచ్చింది. టీచరు ఉద్యోగంలో అది ఆఖరి మెట్టు. తనిఖీ పాఠమంటే అక్కడ ఇంట్లో పెళ్ళితో సమానం. వారం ముందు నుంచి పాఠం రిహార్సల్స్ వేస్తారు. ఏ ప్రశ్నకు ఎవరు లేవాలో, ఎవరు కాస్త తడబడి తర్వాత సరిగ్గా చెప్పాలో కూడా ముందే ఖాయం. ప్రశ్న పడగానే క్లాసంతా చేతులెత్తాలి, అది మర్యాద. జవాబు తెలిసినవాళ్ళు కుడి చెయ్యి, తెలియనివాళ్ళు ఎడమ చెయ్యి. టీచరు కుడి చేతులవాళ్ళనే లేపుతాడు, వచ్చినవాళ్ళకు చేతుల అడవి కనబడుతుంది. పాఠం అయ్యాక విందు. క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి వండిన పొట్లాలు, రేగుపండ్ల సారా, కాల్చిన గొట్టపు రొట్టెలు. తిన్నవాళ్ళు సంతకాలు పెట్టి వెళతారు. తాతల కాలం నుంచీ ఇంతే, ఎవరూ దీన్ని మోసమనుకోరు.

డేనెష్ మాస్టారు ఆమెను గదికి పిలిపించి, ఒక కవిత ఎంచుకో, రిహార్సల్ నేను చూసుకుంటా, విందు సంగతి మా ఆవిడ చూసుకుంటుంది అన్నాడు. రిహార్సలూ వద్దు, విందూ వద్దు అంది ఎమెషె.

"ఏం పాఠం చెప్తావు మరి?"

"పిల్లలు శుక్రవారం చెప్తారు మాస్టారూ. ఇంకా శుక్రవారం కాలేదు."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. కోపమొస్తే ఆయన చేసేది అదే.

"అమ్మాయ్, నీకు పదికి పది వేసినవాణ్ణి నేను. ఒక్క మాట చెప్తా విను. తనిఖీ రిపోర్టు బాగా రాకపోతే ఎనిమిదో తరగతి నేను తీసుకుంటా. నువ్వు చిన్న క్లాసులకు పిల్లి పాటలు, కుక్క పాటలు నేర్పుకుందువుగాని."

"మీరు వేసిన ఆ పదితో నాకు మరుగుదొడ్డి కూడా దొరకలేదు మాస్టారూ," అని లేచి వచ్చేసింది ఎమెషె.

శుక్రవారం వచ్చింది. నోరు ఎక్కడ పడిపోయిందంటే ముందుగా చెప్పింది బోర్‌బాలా. క్లాసులో అందరికంటే బాగా అప్పజెప్పే పిల్ల. కిందటి వారం వాళ్ళ తేనెపెట్టెల మీద ఎలుగు పడింది. నష్టపరిహారం కోసం తల్లి పట్నంలో ఆఫీసుకు బయల్దేరుతూ, బాగా చదువుతుంది కదా అని కూతుర్ని వెంట తీసుకెళ్ళింది. కిటికీ అవతల గుమాస్తా ఏదో అడిగాడు. ఇంకోసారి అడిగాడు. బోర్‌బాలా నోట ఒక్క ముక్క రాలేదు. వెనకవాళ్ళు గొణుగుతుంటే తల్లీ కూతుళ్ళు దరఖాస్తు చేత్తో పట్టుకునే తిరిగొచ్చారు. దారిలో తల్లి ఏమీ అనలేదట. అనకపోవడమే బాధగా ఉందంది.

తనిఖీ పాఠం ఏమిటో ఎమెషెకు తెలిసిపోయింది. ఆదివారం బల్ల ముందు కూర్చుని చివరి వాక్యం రాసింది: బోర్‌బాలా దరఖాస్తు కిటికీ అవతలికి చేరుతుంది. తన గడిలో ఎప్పటిలాగే, ఊరుకుంటాను.

వారంలో రెండు రోజులు ఎమెషె లోయ అవతలి బడిలో కూడా పాఠం చెప్పాలి. ఆ రెండు రోజులూ డేనెష్ మాస్టారు ఎనిమిదో తరగతికి వెళ్ళాడు. మీ అత్తను కాపాడుకోవాలని ఉందా లేదా అని అడిగాడు. పిల్లలు ఉందన్నారు. అయితే నేను చెప్పినట్టు చెయ్యండి, ఆమెకు తెలియనివ్వకండి అన్నాడు. ఎమెషె ప్రణాళికలో ఉన్న ఎలుగుబంటి పాఠమే, కాదనలేదు. కానీ ప్రశ్నలూ జవాబులూ ఆయనవి. ఎలుగుబంటి జీవనశైలి మీద చక్కటి వాక్యాలు రాసిచ్చి కంఠతా పట్టించాడు. చేతుల సంగతి ఆ పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు, పాలు తాగే వయసు నుంచీ తెలుసు. ప్రాణంగా చూసుకునే మనిషి కోసం ఆ మనిషికి గిట్టనిదే చేశారు. ప్రేమ ఉన్నచోట ఇలాంటి పొరపాటు జరుగుతూనే ఉంటుంది.

తనిఖీకి వచ్చినావిడ ఔరేలియా ద్రాగుష్. జిల్లా కేంద్రం నుంచి వచ్చింది, రొమేనియన్ తప్ప ఇంకో ముక్క రాదు. బూడిదరంగు కోటు విప్పకుండానే పక్క గోడ వారగా కూర్చుని, కాగితాలు ఒళ్ళో పెట్టుకుంది. డేనెష్ మాస్టారు ఆమె పక్కన, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని. నడవలోంచి అప్పటికే క్యాబేజీ వాసన వస్తోంది. ఎమెషెకు ముక్కుపుటాలు అదిరాయి. పాఠం మొదలుకావలసిన సమయంలో గొడవెందుకని ఊరుకుంది.

వెనక బెంచీకి నడుస్తూ, దారిలో, ఆఫీసుకు వెళ్ళేముందు మనకు ఏం తెలిసి ఉండాలి అని క్లాసును అడిగింది. ఒక్కసారిగా చేతులన్నీ లేచాయి. గెర్గె అనేవాడు నిలబడి, ఎలుగుబంటి మన అడవుల గర్వకారణం, అది సర్వభక్షకము, శీతాకాలమున నిద్రించును అని గుక్క తిప్పుకోకుండా చెప్పి కూర్చున్నాడు. ఆమె ఇంకేమీ అడగకముందే ఇంకొకతె లేచి తర్వాతి పేరా అందుకుంది. ఔరేలియా కలం కదులుతోంది. మొహంలో మెప్పు కనబడుతోంది.

ఎమెషె సగం దారిలో ఆగిపోయింది. వాక్యాలు ఎవరివో మొదటి ముక్కకే పోల్చుకుంది. ఆ 'గర్వకారణం' తన బాల్యంలో కూడా ఉండేది, అప్పుడు అది పర్వతాల గురించి. డేనెష్ మాస్టారి వైపు చూసింది. ఆయన బతిమాలుతున్నట్టు కళ్ళు వాల్చాడు. ఇలాగే పోనిస్తే గంటకు అంతా అయిపోతుంది. గ్రేడు వస్తుంది, క్లాసు తనకే ఉంటుంది, అత్తను కాపాడుకున్నామని పిల్లలూ సంతోషిస్తారు. వెనక బెంచీ నాలుగడుగుల దూరంలో ఉంది. వెళ్ళి కూర్చుంటే చాలు.

కూర్చోలేదు.

"చేతులు దించకండి," అంది రొమేనియన్‌లో. "అలాగే ఉంచండి. కుడి చేతులవాళ్ళు ఇప్పుడు దించండి. మీకు వచ్చు, ఇంక మీతో పనిలేదు."

గదిలో ఎడమ చేతులు మిగిలాయి. క్లాసులో సగం పైనే. వాటిలో బోర్‌బాలాది కూడా ఉంది. డేనెష్ మాస్టారి మొహం సున్నం కొట్టినట్టయింది. ఔరేలియా కలం ఆగింది. తనూ ఒకప్పుడు ఏదో బడిలో చదువుకున్నదేగా, ఎడమ చెయ్యి సంగతి ఆమెకూ తెలుసు.

"ఈ పాఠం తెలియనివాళ్ళది," అంది ఎమెషె. "బోర్‌బాలా, రా. దరఖాస్తు తెచ్చుకో."

తర్వాత టీచరు కుర్చీని ఎత్తి తీసుకెళ్ళి ఔరేలియా ముందు పెట్టింది.

"మేడమ్, మీరు గుమాస్తాగా కూర్చోండి. వీళ్ళలో ఎవరు కూర్చున్నా ఈ పిల్లకు మనిషి తెలిసినవాడే అవుతాడు. మీరైతే భయపడుతుంది."

"నేను పరిశీలించడానికి వచ్చాను."

"ఈ గదిలో ఊరికే చూడటానికి ఎవరికీ చోటు లేదు. నేను కూడా వరసలో నిలబడతాను."

ఔరేలియా కాసేపు ఆమెను ఎగాదిగా చూసింది. కోటు విప్పి పక్కన పెట్టింది. కుర్చీలోకి మారి, నిజం గుమాస్తాలాగే తలెత్తకుండా, "ఊఁ, ఏమిటి?" అంది.

బోర్‌బాలాకు మాట రాలేదు. గదిలో పొయ్యిలో కట్టె చిటపటలు వినబడుతున్నాయి. డేనెష్ మాస్టారు అందించబోయి పెదవి కదిపాడు. ఎమెషె అటు చూసిన చూపుకు మూసుకున్నాడు. ఎవరూ కదల్లేదు. ఆ మౌనం ఎంతసేపంటే, తనిఖీ పాఠంలో ఎవరూ ఇవ్వనంతసేపు.

"ఎలుగు వచ్చింది," అంది చివరికి బోర్‌బాలా. "పెట్టెలు... పడేసింది. తేనె తిన్నది. ఈగలు తిన్నది. మైనం తిన్నది. ఒక పెట్టె ఉంది. మిగిలి ఉంది."

"ఎలుగే అని ఎలా తెలుసు? మీరు చూశారా?"

"చూడలేదు. అది కూడా మమ్మల్ని చూడలేదు. దేవుడికి దండం."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఔరేలియా కాగితం తిరగేసింది.

"కంచె ఉందా? జాగ్రత్తలు తీసుకోకపోతే పరిహారం రాదు."

"కంచె వేశాం. బోర్డు... బోర్డు కూడా పెట్టాం. లోపలికి రాకూడదు, అని."

"బోర్డు పెట్టినా వచ్చిందా?"

బోర్‌బాలా ఒక్క క్షణం ఆలోచించింది. చెవులు ఎర్రబడ్డాయి. మాటలు ఒక్కొక్కటే వెతుక్కుంటూ, వంకర టింకరగా, కానీ తన సొంతంగా చెప్పింది: "బోర్డు రొమేనియన్‌లో ఉంది మేడమ్. ఎలుగు మా ఊరిది."

ఎవరూ నవ్వలేదు. నవ్వొచ్చో లేదో ఎవరికీ తెలియలేదు. డేనెష్ మాస్టారు తన పాతికేళ్ళ బడి కళ్ళముందే మూతపడుతున్నట్టు కూర్చున్నాడు. ఔరేలియా ఆ పిల్లను చూసింది, వరసలో నిలబడ్డ టీచరును చూసింది. దరఖాస్తు కోసం చెయ్యి చాపింది.

"ఈసారి రెండు భాషల్లో పెట్టండి," అంది. "అప్పుడు నాకు తెలియదు చదవలేదు అనడానికి దానికి వీలుండదు. కాగితం ఇటివ్వు. తీసుకుంటున్నాను."

అప్పుడు పేలింది క్లాసు. నవ్వు ఆగాక గెర్గె లేచి, తన కుడి చెయ్యి అబద్ధమని, పంది వచ్చి బంగాళాదుంపల మడి తవ్వేసిందని, తనకూ పరిహారం కావాలని వచ్చాడు. పందికి పరిహారం లేదని గుమాస్తా అంది. ఎందుకు లేదని వాడు వాదనకు దిగాడు. గంట కొట్టినా వరస తరగలేదు.

టీచర్ల గదిలో ఔరేలియా కాగితాలు బల్ల మీద పరిచింది. మొదట్లో జరిగింది ఎవరి పాఠం అని అడిగింది. నాది కాదు, ఎవరిదో అడగొద్దు, నేను చెప్పను అంది ఎమెషె. డేనెష్ మాస్టారు బల్ల మీది గుడ్డ అంచును వేలితో రుద్దుతూ ఉండిపోయాడు.

"పిల్ల వాక్యానికో తప్పు చేసింది. మీరు ఒక్కటీ దిద్దలేదు," అంది ఔరేలియా.

"మొదటిదాని దగ్గర ఆపి ఉంటే మిగతావి బయటికొచ్చేవి కావు. ఆ బోర్డు మాట కూడా వచ్చేది కాదు."

"నిజమే. కానీ నేను నింపాల్సిన కాగితంలో దానికి చోటు లేదు." ప్రణాళిక ఎమెషె వైపు జరిపి, పైన కలం పెట్టింది. "మీ గడి ఖాళీగా ఉంది. ఇప్పుడు నాలుగు మాటలు రాయండి. వివరించును, సరిదిద్దును, ఏదో ఒకటి. తొమ్మిది వేస్తాను. ఇలాగే ఉంటే ఎనిమిది. గ్రేడుకు ఎనిమిది సరిపోతుంది, కానీ గొప్ప రిపోర్టు అని ఎవరూ అనరు."

డేనెష్ మాస్టారు తలెత్తి, రాయమ్మా అన్నాడు గొణిగినట్టు. రిపోర్టు బాగా రాకపోతే క్లాసు తీసుకుంటానని ఆయన అన్న మాట ఎమెషెకు గుర్తుంది. కలాన్ని తిరిగి ఔరేలియా వైపు దొర్లించింది.

"ఖాళీ కాదు మేడమ్. ఊరుకుంటాను అని రాశాను. రోజంతా నేను చేసే పనుల్లో అన్నిటికంటే కష్టమైనది అదే."

ఎనిమిది పడింది. ఔరేలియా విందు ముట్టకుండానే కారెక్కింది. క్యాబేజీ పొట్లాలు టీచర్లందరూ మర్నాడు కూడా తిన్నారు.

సోమవారం నుంచి ఎనిమిదో తరగతి నాదని డేనెష్ మాస్టారు ఆ సాయంత్రమే నోటీసు బోర్డు మీద పెట్టాడు. ఎమెషె దాని ముందు నిలబడి పూర్తిగా చదివి ఇంటికెళ్ళింది. సోమవారం ఆయన పుస్తకం చంకన పెట్టుకుని తలుపు తీసేసరికి పాఠం సగంలో ఉంది. ఇద్దరు పిల్లలు వీపులు ఆనించుకుని కూర్చుని, అరచేతులు చెవుల దగ్గర పెట్టుకుని, అంబులెన్సు పిలిచే పనిలో ఉన్నారు. ఎమెషె లేచి తలుపు దగ్గరికి వచ్చింది.

"ఈ క్లాసు నాదని రాసి పెట్టాను," అన్నాడు ఆయన, పిల్లలకు వినబడకుండా.

"చదివాను మాస్టారూ. ఒప్పుకోలేదు."

"జూన్‌లో మార్కులు తగ్గితే బడి పోతుంది. తల్లిదండ్రుల ముందు నీ పేరు చెప్తాను."

"చెప్పండి. మీ పక్కనే నిలబడతాను. వేలు పెట్టి చూపించడానికి మీకు వీలుగా ఉంటుంది."

ఆయన కళ్ళజోడు మీదికి చెయ్యి పోయింది గానీ తీయలేదు. లోపల చెవి దగ్గర చెయ్యి ఫోన్‌లా పెట్టుకున్న పిల్ల, మా నాన్న పడిపోయాడు, ఊపిరి ఉంది, లేవడం లేదు అంటోంది. మాటలు వంకరగానే ఉన్నాయి. ఆయన విన్నాడు. తలుపు చట్రానికి ఆనుకుని ఆఖరుదాకా విన్నాడు.

"వ్యాఖ్యానాలు మరి ఎవరు చెప్తారు వీళ్ళకు? పరీక్షలో వచ్చేది అదే. నీ అంబులెన్సు కాదు."

"మీరు చెప్పండి. గురువారం గంట మీకిస్తాను. మిగతావన్నీ నావి."

"నా బడిలో నాకు గంట ఇస్తున్నావా నువ్వు?"

"ఇస్తున్నాను. వద్దంటే అదీ నేనే ఉంచుకుంటాను."

డేనెష్ మాస్టారు కాసేపు ఆమె మొహంలోకి చూశాడు. మిల్లులో దుంగను చూసినట్టు చూశాడు. పుస్తకం ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు.

"గురువారం," అని నడవలోకి వెళ్ళిపోయాడు. పోయేముందు తలుపు తనే దగ్గరికి లాగాడు.

ఎమెషె వెనక్కి తిరిగేసరికి అంబులెన్సు పిల్ల చెవి దగ్గర చెయ్యి అలాగే పెట్టుకుని, అవతలివాడు ఏ ఊరు అని అడిగితే సిల్వాష్‌కు దారి ఎలా చెప్పాలో తెలియక ఆగిపోయి ఉంది. క్లాసంతా ఎమెషె వైపు చూసింది. ఆమె పొయ్యిలో ఒక కట్టె వేసి, తన బెంచీ మీద కూర్చుని, ఎదురుచూసింది.